‘మా వాళ్ళు’ అనే ఫోల్డర్

"కర్టెన్ తీసిందెవరు?"

లెన్సు తుడుస్తున్న స్టూడియో ఓనరు చెయ్యి ఆగింది. "ఏ కర్టెన్ మేడమ్?"

"పైన టచింగక్క గదిలో కిటికీకి నల్ల కర్టెన్ ఉంది. గురువారం మీరు పైకెళ్ళి చూసినప్పుడు అది వేసి ఉందా, తీసి ఉందా?"

"తీసే ఉంది."

"ఖాయమేనా?"

"గదిలో అడుగు పెట్టగానే ఎండ కళ్ళల్లో కొట్టింది. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఎండ చూడ్డం అదే మొదటిసారి. ఎలా మర్చిపోతాను?"

డిటెక్టివ్ మరో ప్రశ్న వెయ్యకుండా అతని మొహంలోకి చూస్తూ కూర్చుంది. యాభై దాటిన మనిషి ఆమె. పోలీసు డిపార్ట్‌మెంట్లో ఉన్న రోజుల్లో తోటివాళ్ళు ఆమెకి భూతద్దం అని పేరు పెట్టారు. ఆమె ఉద్యోగం వదిలేసినా ఆ పేరు ఆమెని వదల్లేదు. ఎదుటివాళ్ళు మౌనాన్ని భరించలేక ఏదో ఒకటి వాగుతారని ఆమెకి తెలుసు. ఆమెకి మాత్రం మౌనం అలవాటే. ఇంట్లో ఉండేది దానితోనే.

ఓనరు మళ్ళీ లెన్సు తుడవడం మొదలుపెట్టాడు. "ఆవిడ కాలు జారి పడిందన్నారు కదా మేడమ్. ఇన్‌స్పెక్టర్ గారే అలా రాసుకున్నారు. మళ్ళీ ఈ కర్టెన్లూ అవీ ఎందుకు?"

"కాలు జారి పడేదానికి కర్టెన్ తియ్యక్కర్లేదు గనక."

ఫొటోల్లో మచ్చలూ ముడతలూ సరిచేసే పనిని పాత స్టూడియోల్లో టచింగ్ అనేవారు. పెన్సిళ్ళూ బ్రష్‌లూ పోయి కంప్యూటర్లూ సాఫ్ట్‌వేర్లూ వచ్చినా ఆ మాట పోలేదు. ఈ స్టూడియోకి వచ్చేవాళ్ళంతా ఆవిడని టచింగక్క అనే పిలిచేవారు. పెళ్ళి చేసుకోలేదు. మేడ మీద ఒక్క గది. అందులోనే పని, అందులోనే పడక. గురువారం సాయంత్రం వెనకవైపు ఇనప మెట్ల కింద మెడ విరిగి పడి ఉంది. వేరే ఊళ్ళో ఉండే చెల్లెలు పరుగెత్తుకొచ్చి, అంత్యక్రియలైన మర్నాడే డిటెక్టివ్ ఇంటి తలుపు తట్టింది. "మా అక్క ఆ మెట్లు కళ్ళు మూసుకుని దిగుతుందండీ. పడటమేమిటి?" అంది. ఆ ఒక్క మాట పట్టుకునే డిటెక్టివ్ కేసు ఒప్పుకుంది.

ఒప్పుకున్నాక చేసిన మొదటి పని, టచింగక్క పాఠాలు వినడం.

ఖాళీ దొరికినప్పుడల్లా ఆవిడ ఫొటోలు ఎడిట్ చెయ్యడమెలాగో కంప్యూటర్ తెర మీద చేసి చూపిస్తూ, మాట్లాడుతూ, వీడియోలు తయారుచేసి ఇంటర్నెట్లో పెట్టేది. చూసేవాళ్ళు పదిమంది కూడా ఉండరు. అయినా ఎదురుగా వేలమంది కూర్చున్నట్టే మాట్లాడేది. ‘ఏమ్మా, అందరూ వచ్చారా? వెనకవాళ్ళకి వినిపిస్తోందా?’ అని మొదలుపెట్టి, ‘సరే, ఉంటాను మరి. వేళకి భోంచెయ్యండి’ అని ముగించేది. డిటెక్టివ్ ఇంట్లో ఒక్కతే కూర్చుని ఆ పాఠాలు వింటూనే భోంచేసింది. ఒకసారి ఉండబట్టలేక ‘చేస్తున్నాలెండి’ అని తెరకి జవాబు కూడా చెప్పింది. చెప్పాక, తన గొంతు తనకే కొత్తగా వినిపించి ఉలిక్కిపడింది.

"రంగులు సరిచేసే పాఠం ఒకటుంది," అంది ఇప్పుడు ఓనరుతో. "అందులో ఆవిడ ముందు చెప్పింది సాఫ్ట్‌వేర్ గురించి కాదు, గది గురించి. తెర మీద ఎండ పడితే మొహాలు వెలవెలబోయినట్టు కనిపిస్తాయి, మనం రంగు పెంచుకుంటూ పోతాం, తీరా ప్రింటు తీశాక చూస్తే పెళ్ళికొడుకు టమాటాలా ఉంటాడు, అంది. అందుకే పని చేస్తున్నంతసేపూ ఆవిడ కర్టెన్ తియ్యదు. ఆ కిటికీ పడమటి వైపు. ఆవిడ పడింది సాయంత్రం నాలుగూ అయిదూ మధ్య. ఎండ సరిగ్గా తెర మీద పడే వేళ. కంప్యూటర్ ఆన్ చేసి ఉంది, సగం సరిచేసిన ఫొటో తెరిచి ఉంది. అలాంటప్పుడు కర్టెన్ లాగింది ఆవిడ కాదు. ఇంకెవరో ఉన్నారు ఆ గదిలో. వాళ్ళకి ఏదో వెతకడానికి వెలుతురు కావాల్సొచ్చింది."

ఓనరు లెన్సుని టేబుల్ మీద పెట్టేశాడు.

"ఆ టైములో మీరెక్కడున్నారు?"

"స్కూల్లో. పిల్లల గ్రూప్ ఫొటోలు. హెడ్మాస్టర్ని అడగండి కావాలంటే."

"అడిగాను. మూడున్నరకే సామాను సర్దుకుని వెళ్ళిపోయారన్నారు. మీరు ఇక్కడికొచ్చింది ఆరింటికి. మధ్యలో ఏం చేశారు?"

అతను కాసేపు నీళ్ళు నమిలాడు. చివరికి, "మా గోడౌన్ దగ్గర కూర్చున్నాను," అన్నాడు.

"కాలిపోయిన గోడౌనా?"

"అన్నయ్య అందులోనే కదండీ పోయాడు. అప్పుడప్పుడూ వెళ్తాను. గోడలు తప్ప ఏమీ లేవక్కడ. ఊరికే కూర్చుని వస్తాను. ఇంట్లోవాళ్ళకి కూడా తెలీదు."

"అంటే సాక్షులు లేరు."

"అలాంటిచోటికి సాక్షుల్ని వెంటేసుకుని వెళ్తామా మేడమ్?"

ఆ మాట నిజంలాగే ఉంది. అయితే నిజంలాగా ఉన్న మాటలు ఆమె చాలా విన్నది. ఈ స్టూడియో అన్నదమ్ములిద్దరిదీ. ఎనిమిది నెలల క్రితం గోడౌన్లో మంటలు రేగి అన్న పోయాడు. తమ్ముడు ఒక్కడే యజమాని అయ్యాడు. ఇప్పుడు ఈ స్టూడియో గుట్టుమట్లన్నీ తెలిసిన టచింగక్క కూడా పోయింది.

"మీ అన్నయ్య స్టేషన్ ఫొటోలు కూడా తీసేవారటగా?"

"అవును. యాక్సిడెంటన్నా దొంగతనమన్నా పోలీసులు అన్నయ్యకే కబురు పెట్టేవారు. నాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆ పనంతా ఆయనదే."

"ఆయన పోయిన రోజు మీరెక్కడున్నారు?"

ఈ ప్రశ్నకి మాత్రం తడుముకోలేదు. "ఆ గోడ మీద ఉంది చూడండి మేడమ్," అన్నాడు.

గోడ మీద పెద్ద గ్రూప్ ఫొటో. ఊళ్ళో ఫొటోగ్రాఫర్ల క్లబ్బు వాళ్ళు డ్యామ్ చూడ్డానికి వెళ్ళినప్పుడు తీసింది. ముప్ఫై మంది దాకా ఉన్నారు. సాయంత్రపు ఎండలో అందరి మొహాలూ రాగి రంగుకి తిరిగాయి. వెనక వరసలో ఓనరు. అతని భుజం పక్కన నవ్వుతూ ఇంకో మనిషి.

"ఆ పక్కనున్నది నేనే," అంది గుమ్మంలోంచి ఒక గొంతు. "కావాలంటే భూతద్దం పెట్టి చూసుకోండి మేడమ్."

ఇన్‌స్పెక్టర్. ఒకప్పుడు ఆమె కింద పనిచేసినవాడే. అప్పట్లో ఆమె ఫైళ్ళు మోసేవాడు. ఇప్పుడు నడకలోనే దర్జా కనిపిస్తోంది.

"మీకు ఫొటోల సరదా కూడా ఉందని తెలీదే," అంది డిటెక్టివ్.

"మీకు తెలీనివి చాలా ఉన్నాయి. కేసు మూసేశాక కూడా తవ్వడం మీకు అలవాటేగా."

"మూసేశాక కాదు, కప్పేశాక."

అతను పెద్దగా నవ్వాడు. "ఇంతకీ ఏం దొరికింది?"

"కర్టెన్."

"కర్టెనా! దాన్ని బోనెక్కిస్తారా, ప్రమాణం చేయిస్తారా?"

"పైనున్న కంప్యూటర్ని మీవాళ్ళు ముట్టుకున్నారా?"

"స్విచ్ తీసేసి గదికి తాళం వేశాం. దాని జోలికి ఎవ్వరూ పోలేదు. ఇవాళ సీజ్ చేసి పట్టుకెళ్తాను. చెల్లెలి సంతకం ఒక్కటి కావాలి."

"కాలు జారి పడిన కేసులో కంప్యూటర్ ఎందుకు?"

నవ్వు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. "మీలాంటివాళ్ళు తర్వాత వచ్చి ఇదే ప్రశ్న అడక్కుండా ఉండటానికి."

"ఎనిమిది నెలల్లో ఒకే స్టూడియోలో రెండు చావులు. రెండింటి వల్లా లాభపడింది ఒక్క మనిషే."

"అన్న పోయిన సాయంత్రం ఇతను డ్యామ్ దగ్గర నా భుజం పక్కనే నిలబడ్డాడు. సాక్షిని నేనే. పోలీసు మాట కంటే కర్టెన్ మాట ఎక్కువా మేడమ్?"

ఓనరు తల వంచుకుని నేల చూపులు చూస్తున్నాడు. తనని కాపాడుతున్న మనిషి కళ్ళల్లోకి చూడలేని మనిషి. డిటెక్టివ్ అది గమనించింది.

"పాత పరిచయం కొద్దీ అరగంట ఇస్తున్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇదిగో తాళంచెవి, పైకెళ్ళి చూసుకోండి. నేను కింద జీపులో ఉంటాను. పాపం, ఇంట్లో ఎదురుచూసేవాళ్ళెవరూ లేరు కదా, మీకూ పొద్దుపోవాలి."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. డిటెక్టివ్ బయట బెంచీ మీద కూర్చున్న చెల్లెల్ని పిలిచి వెనక మెట్లెక్కింది.

గదికి తాళం తియ్యగానే మూసి ఉంచిన గాలి మొహాన కొట్టింది. గోడవారగా మంచం. కిటికీకి ఎదురుగా టేబుల్, దాని మీద పెద్ద తెర. ఒకటే కంచం, ఒకటే గ్లాసు. కుర్చీ కూడా ఒకటే, కూర్చుని కూర్చుని మధ్యలో గుంట పడింది. చెల్లెలు దాని వైపు వెళ్ళబోయి, ఎందుకో కూర్చోలేక మంచం అంచున కూలబడింది.

"ఫొటోల పని చేసే మనిషి గదిలో ఒక్క ఫొటో లేదు," అంది డిటెక్టివ్ గోడలు చూస్తూ.

"చిన్నప్పటి నుంచీ అంతేనండీ. కెమెరా కనిపిస్తే పక్కకి తప్పుకునేది."

డిటెక్టివ్ కంప్యూటర్ ఆన్ చేసింది. పాస్‌వర్డ్ అడగలేదు, నేరుగా తెరుచుకుంది. తర్వాత, తాళం వేసేటప్పుడు పోలీసులు మూసేసిన కర్టెన్ పక్కకి లాగి చూసింది. తెర మొత్తం తెల్లబారిపోయింది, తన నీడ తప్ప ఏమీ కనిపించలేదు. ఎండలో ఆవిడ పని చేసిందనడం ఉత్త మాట. కర్టెన్ మళ్ళీ వేసేసింది.

‘పనులు’ అని ఒక ఫోల్డర్ ఉంది. లోపల ఏమీ లేదు. ఏళ్ళ తరబడి చేసిన పని, ఒక్క ఫైలు కూడా మిగల్లేదు.

"ఊడ్చిపెట్టేశారు," అంది డిటెక్టివ్. "మనకంటే ముందే ఎవరో వచ్చి కావాల్సింది చెరిపేసి పోయారు. ఆ తర్వాతే గది వెతకడానికి కర్టెన్ తీసి ఉంటారు."

మౌస్ ఇంకొంచెం కిందికి జరిపింది. ఇంకో ఫోల్డర్. దాని పేరు ‘మా వాళ్ళు’.

చెల్లెలి మొహం వికసించింది. "మా వాళ్ళంటే మేమేనండీ. తెరవండి, తెరవండి."

మొదటి ఫొటోలో ఒక కుటుంబం. తాతగారు, నాయనమ్మ, కొడుకులు, కోడళ్ళు, పిల్లలు. చివర్లో, ఒక పాప భుజం మీద చెయ్యి వేసి నిలబడి టచింగక్క.

"వీళ్ళెవరు?"

"నాకు తెలీదండీ." చెల్లెలు లేచి దగ్గరికొచ్చింది.

రెండో ఫొటోలో ఇంకో కుటుంబం. అక్కడ టచింగక్క ఎవరి పసిబిడ్డనో ఎత్తుకుని ఉంది. మూడోదాంట్లో కాలేజీ స్నేహితురాళ్ళ మధ్య తల పక్కకి వంచి నవ్వుతోంది. నాలుగు, అయిదు, పది. అన్నీ స్టూడియోకి వచ్చిన కస్టమర్ల ఫొటోలే. అన్నిట్లోనూ ఒక అంచున ఆవిడ. పిన్నిలా ఒకచోట, మేనత్తలా ఒకచోట.

డిటెక్టివ్‌కి ఆవిడ పాఠం చెవుల్లో వినిపించింది. ‘అతికించిన మనిషి ఎక్కడ దొరికిపోతాడో తెలుసా అమ్మా? నీడ దగ్గర. పక్కవాళ్ళ ముక్కు నీడ ఎటు పడిందో ముందు అది చూసుకోండి. తర్వాత అంచులు. కత్తెరతో కోసినట్టు ఉండకూడదు, కాస్త మెత్తగా కలిసిపోవాలి. ఫొటో ఎంత గరుకుగా ఉంటే కొత్త మనిషీ అంతే గరుకుగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం చూపు. అందరూ ఒకవైపు చూస్తుంటే ఒకడు ఇంకోవైపు చూశాడనుకోండి, వాడు ఆ ఇంటివాడు కాదని ఇట్టే తెలిసిపోతుంది.’

ఈ ఫొటోల్లో ఎక్కడా తెలియలేదు. నీడలు కుదిరాయి, చూపులు కలిశాయి. ప్రతి ఇంట్లోనూ ఆవిడ ఆ ఇంటి మనిషే. ఎవరికీ ఇవ్వని కాపీలివి. గది తలుపేసుకుని తను ఒక్కతే చూసుకోవడానికి చేసుకున్నవి.

"ఒక్కదాంట్లో కూడా మేం లేమండీ," అంది చెల్లెలు. "రమ్మని ఎన్నిసార్లు పిలిచాను..." అని ఆగి, తల అడ్డంగా ఊపింది. "లేదు, ఎన్నిసార్లూ పిలవలేదు. ఒకసారి పిల్లల పరీక్షలు, ఒకసారి మావారికి బదిలీ. ఎప్పుడో ఫోన్ చేసి ఎలా ఉన్నావక్కా అంటే, నాకేమే, మా వాళ్ళతో తీరిక లేదు అనేది. కస్టమర్ల గురించి చెప్తోందనుకున్నాను. ఆ పాఠాలు కూడా ఒక్కటీ చూళ్ళేదండీ. ఇవాళ చూద్దాం, రేపు చూద్దాం అనుకుంటూనే..."

ఓదార్చడం డిటెక్టివ్‌కి ఎప్పుడూ చేతకాలేదు. చెయ్యి ఎత్తింది, దాన్నేం చెయ్యాలో తెలీక మళ్ళీ మౌస్ మీదే పెట్టింది. "ఈ ఫోల్డర్ మిగలడానికి కారణం దాని పేరే," అంది. "వచ్చినవాడు ఇంటి ఫొటోలనుకుని వదిలేశాడు."

చివరి ఫైలు తెరవగానే ఆమె వెన్ను నిటారైంది.

డ్యామ్ దగ్గర తీసిన క్లబ్బు ఫొటో. కింద గోడ మీద ఉన్నదే. ఒక్కటే తేడా, ముందు వరస చివర్లో టచింగక్క కూడా నిలబడి ఉంది.

"దీంట్లో కూడా తనని పెట్టుకుంది," అంది చెల్లెలు.

"తనని ఒక్కదాన్నే కాదేమో." డిటెక్టివ్ తెర కుడివైపున ఉన్న వరసని చూపించింది. "వీటిని పొరలంటారు. ఒరిజినల్ ఫొటో మీద చెయ్యి వెయ్యొద్దు, ఏది మార్చినా వేరే పొర మీద మార్చండి అని మీ అక్క ప్రతి పాఠంలోనూ మొత్తుకునేది. చెరిపెయ్యకండమ్మా, దాచండి, రేపు మనసు మారితే వెనక్కి వెళ్ళే దారి ఉండాలి కదా అనేది. ప్రతి పొర పక్కనా చిన్న కన్ను బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ పొర మాయమైపోతుంది. మళ్ళీ నొక్కితే తిరిగొస్తుంది. ఈ పేర్లు చదవండి."

చెల్లెలు వంగి చదివింది. "‘నేను’. ‘నేను, నీడ’. ‘ఆయన’. ‘ఆయన, నీడ’." ఆమె గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఆయనెవరు?"

"ఆ రోజు డ్యామ్ దగ్గర లేని మనిషి. మీ అక్క ఆఖరి పాఠంలో ఒక మాటంది. ఫొటోలో లేని మనిషిని ఎలా పట్టుకోవాలో వచ్చే పాఠంలో చెప్తాను, నా దగ్గరే ఒకటుంది, అదే చూపిస్తాను అని. వచ్చే పాఠం రాలేదు. ఆ మాట విన్న పదిమందిలో ఎవడో ముందే వచ్చాడు."

"వాడే! కింద ఉన్నవాడే! అన్నని చంపి, ఫొటోలో దూరి, మా అక్కని..."

"అలాగే కనిపిస్తోంది," అంది డిటెక్టివ్. తల దించుకుని నేల చూపులు చూసిన ఓనరు ఆమె కళ్ళ ముందు మెదిలాడు.

ఆమె ‘నేను’ పక్కనున్న కన్ను బొమ్మని నొక్కింది. పాత కంప్యూటర్, పెద్ద ఫైలు. బాణం గుర్తు గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది. కింద వీధిలో జీపు హారన్ మోగింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

"సంతకానికి పిలుస్తున్నట్టున్నారు. ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పెయ్యనా?"

డిటెక్టివ్ తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "చెప్పండి. ఓనర్ని ఎటూ కదలనివ్వొద్దనండి. నేను ఇది పూర్తి చేసి వస్తాను."

చెల్లెలు కళ్ళు తుడుచుకుని గబగబా దిగిపోయింది.

తెర మీద బాణం తిరగడం ఆగింది. ముందు వరస చివర్లో టచింగక్క లేదు. ఆమె నిలబడిన చోట ఉత్త గడ్డి, దాని మీద ఆమె నీడ. డిటెక్టివ్‌కి ఒక చిన్న నొక్కుతో మనిషి ఇలా పోతుందా అనిపించింది.

‘ఆయన’ పక్కనున్న కన్ను నొక్కింది. ఓనరు మొహం మీదే చూపు నిలిపి ఎదురుచూసింది.

ఓనరు పోలేదు. అక్కడే ఉన్నాడు, ఎండకి కళ్ళు చికిలించుకుని. అతని పక్కన మాత్రం ఖాళీ. భుజం పక్కన డ్యామ్ రెయిలింగు, రెయిలింగు వెనక నీళ్ళు.

ఆమె మళ్ళీ నొక్కింది. నవ్వుతూ ఇన్‌స్పెక్టర్ తిరిగొచ్చాడు. ఇంకోసారి నొక్కింది. నీళ్ళు.

లేచి, మెట్ల దగ్గరికెళ్ళి ఓనర్ని కేకేసింది. అతను రొప్పుతూ పైకొచ్చాడు. వచ్చి తెర వైపు చూశాడు.

"చెప్పండి," అంది డిటెక్టివ్. "ఈ పని ఎవరు చేయించారు?"

"నేనే మేడమ్." గోడకి జారగిలబడ్డాడు. "అన్నయ్య పోయిన మూడో రోజున ఇన్‌స్పెక్టర్ గారు వచ్చారు. ఆస్తి నీకొస్తుంది, లోకం నిన్నే అనుమానిస్తుంది, క్లబ్బులో వాళ్ళంతా నీ స్నేహితులే, వాళ్ళ మాట ఎవరూ నమ్మరు, అదే పోలీసు సాక్షి ఉంటే నీ మీద ఈగ వాలదు అన్నారు. ఆ ఫొటోలో నన్ను కూడా నీ పక్కన పెట్టించు చాలు, మిగతాది నేను చూసుకుంటాను అన్నారు. దేవుడిలా వచ్చాడనుకున్నాను. టచింగక్కని నేనే అడిగాను. ఎందుకు తమ్ముడూ అంది. సరదాకి అన్నాను."

"క్లబ్బులో ఎవరికీ అనుమానం రాలేదా?"

"ఎవరు వచ్చారో ఎవరు రాలేదో ఎవరికి గుర్తుంటుందండీ? ఆ ఫొటో చూసే గుర్తు తెచ్చుకుంటారు."

డిటెక్టివ్ పెన్‌డ్రైవ్ తీసి కంప్యూటర్‌కి తగిలించింది. ఫైలు కాపీ అవుతుండగా నెమ్మదిగా అంది. "ఆయన మీకు సాక్ష్యం ఇచ్చాడనుకున్నారు. మీ దగ్గర సాక్ష్యం తీసుకెళ్ళాడు. మీరు నిజంగానే డ్యామ్ దగ్గర ఉన్నారు. ఆయన లేడు. మరి ఆ సాయంత్రం ఎక్కడున్నట్టు?"

అతను తెర దగ్గరికొచ్చి, ఖాళీగా ఉన్న ఆ రెయిలింగుని వేలితో తాకాడు.

"మీ అన్నయ్యకీ ఆయనకీ ఏమైనా గొడవా?"

"పోవడానికి వారం ముందు... స్టేషన్‌కి తీసిన ఫొటోల్లో ఏదో మార్చమన్నాడట. ఒక చావు కేసు. అన్నయ్య ససేమిరా అన్నాడు. పైవాళ్ళకి చెప్తానన్నాడు. నేనే సర్దిచెప్పాను, పోలీసులతో మనకెందుకురా అన్నయ్యా అని." అతను రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. "వాడి పక్కన నిలబడ్డానా మేడమ్? ఎనిమిది నెలలు నా గోడకి వాణ్ణి తగిలించుకున్నానా?"

కింద జీపు స్టార్టయిన చప్పుడు.

డిటెక్టివ్ ఒక్క అంగలో కిటికీ దగ్గరికెళ్ళి కర్టెన్ లాగింది. జీపు రోడ్డెక్కుతోంది. ముందు సీట్లో, ఇన్‌స్పెక్టర్ పక్కన చెల్లెలు. చేతులు తిప్పుతూ ఏదో చెప్తోంది.

ఆమెని పంపింది తనే. ‘చెప్పండి’ అన్నది తనే.

ఫోన్ తీసి నంబరు నొక్కింది. చెల్లెలు వెంటనే ఎత్తింది. "మేడమ్, అంతా చెప్పేశానండీ. స్టేషన్‌కొచ్చి స్టేట్‌మెంటు ఇవ్వమన్నారు సార్. ఆ ఫోల్డర్ పేరేమిటంటే, మా వాళ్ళు అని కూడా చెప్పాను."

"మంచి పని చేశారు." డిటెక్టివ్ కిటికీ ఊచ గట్టిగా పట్టుకుంది. "చిన్న ఇబ్బందొచ్చింది. కంప్యూటర్ ఆగిపోయింది. మళ్ళీ వేస్తే పాస్‌వర్డ్ అడుగుతోంది. అక్క ఏం పెట్టి ఉంటుందో మీకే తెలుస్తుంది. ఒక్కసారి వెనక్కి తీసుకురమ్మని సార్‌తో చెప్పండి."

అవతల గరగరమంది. ఫోన్ చేతులు మారింది.

"దానికి పాస్‌వర్డ్ లేదు కదా మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఎంతో నెమ్మదిగా.

ఎవ్వరూ జోలికి పోలేదని అతనే చెప్పిన కంప్యూటర్. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టినట్టుంది. తర్వాత లైను కట్టయింది.

వీధి మలుపులో జీపు ఒక్క క్షణం తటపటాయించింది. స్టేషన్‌కి వెళ్ళాలంటే కుడివైపు తిరగాలి. అది ఎడమవైపు తిరిగి, డ్యామ్ రోడ్డు పట్టింది.

డిటెక్టివ్ పెన్‌డ్రైవ్ లాగి ఓనరు చేతిలో పెట్టింది. "మీ బండి తాళాలివ్వండి. మీరు స్టూడియో వ్యాన్లో నేరుగా ఇన్‌స్పెక్టర్ పై ఆఫీసరు ఇంటికి వెళ్ళండి. ఇది ఆయన చేతికే ఇవ్వండి. జీపు ఎటు పోయిందో చెప్పండి. దారిలో ఏ పోలీసు ఆపినా ఆగొద్దు."

అతను తాళాలు ఇచ్చాడు గానీ కదల్లేదు. అరచేతిలో ఉన్న పెన్‌డ్రైవ్ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇంతకుముందే ఆమె తనని హంతకుడనుకుందని అతనికి తెలుసు.

"నన్ను నమ్ముతున్నారా మేడమ్?"

డిటెక్టివ్ అప్పటికే గుమ్మం దాటింది.

"నాకింకెవరున్నారండీ?" అని, ఇనప మెట్లు దడదడలాడేలా కిందికి పరుగెత్తింది.